చేతులు వెనక్కి

ఆ ఏప్రిల్‌లో మా ఇంటికి ఇద్దరు పిల్లలొచ్చారు. జూన్ నెలాఖరుకి ఒకరే మిగిలారు. చేసింది నేనే. ఎవరో పగబట్టి చేశారంటే కొంత నయంగా ఉండేది, వాళ్ళని తిట్టుకుంటూ బతికేదాన్ని. నేను ప్రేమతో చేశాను. మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుని మరీ చేశాను.

సుమకి పన్నెండేళ్ళు, దాని తమ్ముడు చైతుకి ఏడు. ఆనేకల్ దగ్గర మగ్గాల మీద బతికిన తల్లి పోయింది, తండ్రి ఎటో వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళు హోములో ఉన్నాక, పిల్లల కమిటీ వాళ్ళు ఇద్దర్నీ బెంగళూరు హూడిలో మా ఫ్లాటుకి ఫాస్టర్ కేర్ కింద పంపారు. అంటే మన ఇంట్లో ఉంటారు, మన చేతి అన్నం తింటారు, కానీ మనవాళ్ళు కారు. ఉంచాలన్నా తీసుకెళ్ళాలన్నా కమిటీ ఇష్టం. నాకు నలభై ఎనిమిది, మా ఆయన సుధీర్‌కి యాభై రెండు. మాకు పిల్లల్లేరు.

మొదటిరోజు మధ్యాహ్నం పప్పుచారు, గుడ్డు వేపుడు చేయించాను. చైతు పళ్ళెం ముందు కూర్చుని నోరు తెరిచాడు. అంతే, తెరిచి ఊరుకున్నాడు. సుమ ముద్ద కలిపి ఆ నోట్లో పెట్టింది.

"వాడికి చేతుల్లేవా?" అన్నాను.

"రాదు ఆంటీ."

"ఏం రాదు?"

"తినేకి రాదు," అంది సుమ, నా మొహం చూడకుండానే. తర్వాత మూతి తుడిచింది, చొక్కా మార్చింది, గుండీలు పెట్టింది, చెప్పులు తొడిగింది. వాడు బొమ్మలా నిలబడి అన్నీ చేయించుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎందుకు మండదు? నేను మహదేవపురలో ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుని. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నది ఇదే. పక్షవాతం వచ్చిన మనిషి గ్లాసు కోసం వేళ్ళు కదిలిస్తాడో లేదో, పక్కనున్న పెళ్ళాం అందించేస్తుంది. ఇక ఆ చెయ్యి ఎప్పటికి లేవాలి? అందుకే నా గదిలో ఒక రూలు పెట్టాను. పేషెంటు ప్రయత్నిస్తున్నంతసేపూ ఇంటివాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. ఏడ్చినా సరే, గ్లాసు కిందపడి పగిలినా సరే. మొదటి వారం నన్ను రాక్షసి అన్న ఆడవాళ్ళే మూడో నెలలో స్వీటు డబ్బాలు పట్టుకొచ్చేవారు.

పైగా ఆ ఏడు మా సంఘంలో కొత్త పని మొదలైంది. హార్డ్‌వేర్ షాపు పైన అద్దె హాల్లో జరిగే చిన్న తెలుగు క్రైస్తవ సంఘం మాది. హోముల్లో పెరిగిన పిల్లలకి తలా ఒక మెంటర్ ఉండాలని పెద్దలు తీర్మానం చేశారు. పాస్టర్ లలిత్‌గారు మమ్మల్ని రెండు శనివారాలు కూర్చోబెట్టి చెప్పారు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు.

"ఈ పిల్లలు గంట కొడితే తిన్నారు, లైటు తీస్తే పడుకున్నారు. మనం ఏం చేసినా ఏదీ మారదని నేర్చేసుకున్నారు సిస్టర్. నీకు వస్తుంది, దేవుడు నీకు ఆ బలం ఇచ్చాడు అని వాళ్ళకి తెలియాలి. కానీ టైం పడుతుంది. వాళ్ళు చేసే ప్రతిదానికీ ఏదో కారణం ఉంటుంది, ముందు అది వినండి," అన్నారు.

మొదటి సగం రాసుకున్నాను. రెండో సగం వచ్చేసరికి ఇవన్నీ నాకు తెలిసినవేలే అనుకున్నాను.

పిల్లలొచ్చిన మర్నాడే మొదలుపెట్టాను. చైతు పళ్ళెం ముందు, సుమ గోడ దగ్గర, చేతులు వెనక్కి. వాడు నోరు తెరిచాడు. ఎవరూ కదల్లేదు. అరగంటకి నోరు మూసి ఏడుపు లంకించుకున్నాడు.

"ప్రేమా, పసివాడే. ఒక్క ముద్ద పెడితే ఏమవుతుంది?" అన్నాడు సుధీర్.

"నువ్వు లోపలికెళ్ళు."

"టూ మచ్ చేస్తున్నావ్."

"వెళ్తావా, నీ చేతులు కూడా కట్టమంటావా?"

ఆయన వెళ్ళాడు. మా ఇంట్లో అలాగే జరుగుతుంది. ఆ రోజు వాడు రెండు పూటలూ తినలేదు. రెండో రోజు మధ్యాహ్నం మళ్ళీ నోరు తెరిచి అక్క వంక చూశాడు. గోడ దగ్గర సుమ నోరు కూడా తెరుచుకుంది, పసిపిల్లలకి అన్నం పెట్టే తల్లుల నోళ్ళు తెరుచుకుంటాయే, అలా. నేను గొంతు సవరించాను. అది నోరు మూసుకుంది. కాసేపటికి చైతు అయిదు వేళ్ళూ అన్నంలో దూర్చి, గుప్పెడు తీసి, సగం ఒళ్ళో పోసుకుని సగం తిన్నాడు.

"స్తోత్రం ప్రభువా!" అని అరిచాను. చప్పట్లు కొట్టాను. వాడు నా వంక చూసి మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా కళ్ళు తడుస్తాయి, నాకూ తడిశాయి. సుమ పళ్ళెం తియ్యడానికి ముందుకొచ్చినప్పుడు చూశాను, దాని మణికట్టు మీద దాని గోళ్ళే దిగబడి ఎర్రగా ఉంది. కొబ్బరినూనె రాసుకోమన్నాను.

మా ఇంట్లో భాగీరథమ్మ వంట చేస్తుంది. అరవై దాటిన మనిషి. తాతల నాడే అనంతపురం వైపు నుంచి బెంగళూరొచ్చి స్థిరపడిన కుటుంబం. వారం పోయాక ఒక పొద్దున చపాతీలు ఒత్తుతూ ఆగింది.

"ప్రేమమ్మా, ఒక మాట చెప్తా, బేజారు చేసుకోవద్దు. ఆ పాప సుమ్నే, ఊరికే చేస్తాండ్లేదు అదంతా."

"మరెందుకు చేస్తోంది?"

"నిన్న నాతో చెప్పింది. హోములో వీళ్ళ ఫైల్లో రాసినారంట. పిల్లోడు అక్క లేకుంటే ఏమీ చేసుకోలేడు, ఇద్దర్నీ విడదీయొద్దు అని. ముందొకసారి ఎవరో పిల్లోడిని ఒక్కడినే పెంచుకుంటామని వచ్చినారంట. ఆ రాత చూసి ఇయ్యలేదంట. ఆ పొద్దునించి పాప వాడిని ఏమీ నేర్చుకోనియ్యలేదు. వాడికి తినేకి వస్తే వాడు పోతాడు. అది తెలుసుకొనుండాది."

ఒక నిమిషం ఆమె మాట నిజమే అనిపించింది. ఆ నిమిషం అక్కడే ఆగి ఉండుంటే బాగుండేది.

"అదే భాగీరథమ్మా, ఆ భయమే. ఆ భయంతో ఇద్దరూ కుంటివాళ్ళయిపోతున్నారు. దాన్నే తీసెయ్యాలి."

"భయం కాదమ్మా అది. తెలివి," అని చపాతీ పెనం మీద వేసింది.

అయినా మనసులో గుచ్చుకుంది. కమిటీలో పిల్లల కేసు చూసే నరేశ్‌కి ఫోన్ చేసి, వీళ్ళని విడదీస్తారా అని అడిగాను. "అలాంటిదేం లేదు మేడమ్. ఎవరు చెప్పారు మీకు? మీ దగ్గర బాగా సెటిలయ్యారు కదా. జూన్‌లో రిపోర్ట్ పాజిటివ్‌గా ఇవ్వండి, వాళ్ళకే మంచిది," అన్నాడు. నాకు కావలసిన జవాబు అదే.

ఆ సాయంత్రం సుమని బాల్కనీలో పక్కన కూర్చోబెట్టుకున్నాను. మెంటర్ని కదా.

"తమ్ముడు చేతకానివాడిగా ఉంటేనే నీ దగ్గరుంటాడని అనుకోవడం తప్పు సుమా. పాపం కూడా. దేవుడు మిమ్మల్ని విడదీయడు. నేను మాటిస్తున్నాను."

అది మెల్లిగా అంది, "కమిటీ వాళ్ళకి మాత్రం చెప్పొద్దండి ఆంటీ. వాడికి వస్తాదని."

"అబద్ధం చెప్పమంటావా నన్ను?"

తల దించుకుంది. దాని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. ఆమెన్ అనమంటే అంది.

మే నెలకి చైతు వేరే పిల్లాడు. తనే తిన్నాడు, తనే స్నానం చేశాడు, గుండీలు ఒక్కటి కూడా తప్పకుండా పెట్టుకున్నాడు. ప్రతిదానికీ నేను చప్పట్లు కొట్టేదాన్ని. వాడు ఆ చప్పట్లకి మరిగాడు. గిన్నె కడిగి నా వంక, మంచం సర్ది నా వంక. సుమ పెద్దదయ్యేకొద్దీ చురుకవుతుందిలే, ముందు వీడు, తర్వాత దాని వంతు అనుకున్నాను. దానికి ఇంట్లో చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. మంచం అంచున కూర్చునేది. ఆకలేస్తోందా అంటే మీ ఇష్టం ఆంటీ అనేది. ఏ రంగు గౌను కావాలంటే మీ ఇష్టం ఆంటీ. ఒక్కటంటే ఒక్కటి నోరు తెరిచి అడగవే అని విసుక్కునేదాన్ని.

ఎండాకాలం సెలవుల్లో సంఘంలో పిల్లలకి పది రోజులు బైబిల్ స్కూల్ పెట్టాం. ఆఖరిరోజు చైతు స్టేజీ ఎక్కి వాక్యం చెప్పాలి. వాడి వంతు వస్తుంటే వాడు కనపడలేదు. వెతుకుతూ వెళ్తే మెట్ల మలుపులో సుమ మోకాళ్ళ మీద కూర్చుని వాడి తెల్ల చొక్కా గుండీలు ఊడదీస్తోంది.

"స్టేజీ మీద ఏడువు. రాదని చెప్పు. అక్క పెడితేనే వస్తాదని చెప్పు. చెప్తావు గదా, నా బంగారు," అంటోంది.

దాని రెక్క పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చాను. వంద మంది ఉన్నారు. ముందు వరుస పక్కన, అందరికీ కనపడేలా నిలబెట్టాను.

"చేతులు వెనక్కి. వాడు దిగేదాకా కదలకు."

పాస్టర్‌గారు గబగబా వచ్చారు. "సిస్టర్, ఆ పాపని కూర్చోబెట్టండి. ప్లీజ్."

"నా పద్ధతి నాకుంది పాస్టర్‌గారూ," అన్నాను. ఆయన మైకు దగ్గరికి వెళ్ళిపోయారు.

చైతు తనే గుండీలు పెట్టుకుని స్టేజీ ఎక్కాడు. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. హాలంతా చప్పట్లు. దిగి వస్తున్నప్పుడు చొక్కా ఒక పక్క బయటికొచ్చి ఉంది. సుమ చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.

"ముట్టుకోవద్దు పో అక్కా. నాకొస్తాది," అన్నాడు వాడు, నా వంక చూస్తూ.

నేను నవ్వాను. అవును, నవ్వాను. ఆ రాత్రి నుంచి వాడి పక్క మా గదిలో వేశాం.

జూన్ మొదట్లో రిపోర్ట్ ఫారం వచ్చింది. డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని రెండు గంటలు రాశాను. అందులో తోబుట్టువు మీద ఆధారపడటం అని ఒక గడి ఉంది. 'ఇప్పుడు ఏమాత్రం లేదు' అని రాసి కింద గీత గీశాను.

సుధీర్ భుజం మీంచి చదివాడు. "ఈ లైన్ అవసరమా ప్రేమా? భాగీరథమ్మ ఏదో చెప్పిందన్నావ్ కదా?"

"నిజమే కదా రాసింది. నిజం రాయడానికి కూడా భయపడాలా?"

ఆ గీత గీసినప్పుడు నాకెంత గర్వంగా ఉందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

కమిటీ ఆఫీసుకి నలుగురం వెళ్ళాం. బయట బెంచీ మీద ఒక జంట కూర్చుని ఉన్నారు. మైసూరు వాళ్ళట. ఆవిడ ఒళ్ళో కొత్త స్కూలు బ్యాగు. నరేశ్ మమ్మల్ని చూసి ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆ బ్యాగు ఎవరి కోసమో నాకు చూడగానే అర్థమైంది. సుమకి కూడా అర్థమైంది. చైతు చెయ్యి పట్టుకోబోతే వాడు విదిలించుకుని ముందు నడిచాడు.

లోపల ఛైర్‌పర్సన్ మేడమ్ టేబుల్ మీద హోము వాళ్ళ పాత ఫైలూ నా రిపోర్టూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. మంచి మనిషి. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడింది.

"చాలా బాగా చేశారమ్మా. నాలుగేళ్ళుగా ఈ బాబు ఫైలు కదల్లేదు. అక్క లేకుండా ఉండలేడని రాసి ఉంటే మేం మాత్రం ఏం చేస్తాం? మీ పుణ్యమా అని కదిలింది. బయట ఉన్నవాళ్ళు దత్తతకి మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నారు. ఒక్క పిల్లాడికే అప్లై చేశారు."

"మేడమ్, ఇద్దరూ మా దగ్గరే..." అని నేను మొదలుపెట్టేలోపే సుమ లేచింది.

"వాడికేమీ రాదు మేడమ్. ఆంటీ అబద్ధం రాసింది."

రెండున్నర నెలల్లో అది నాతో నాలుగు ముక్కలు కలిపి మాట్లాడింది లేదు. ఆ రోజు గుక్క తిప్పుకోలేదు. "తినేకి రాదు. గుండీలు పెట్టుకునేకి రాదు. చెప్పులు తిరగేసి వేసుకుంటాడు. పక్క తడుపుతాడు, నేనే ఉతుకుతా. నేను లేకుంటే జొరం వస్తాది వాడికి. వాళ్ళకి చెప్పండి మేడమ్, ఈ పిల్లోడు పనికిరాడని చెప్పండి. ఆంటీ, మీరు చెప్పండి. ఒక్కసారి చెప్పండి ఆంటీ."

అందరూ నా వంక చూశారు. ఒక్క అబద్ధం. రాసింది ఎక్కువ చేసి రాశానంటే చాలు, ఫైలు మళ్ళీ మూలపడేది. నేను టేబుల్ మీది నా రిపోర్టు వంకే చూశాను. అబద్ధమాడనందుకు లోపల ఎక్కడో నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. అంత పాపిష్టిదాన్ని.

ఈలోపు చైతు మొహం ఎర్రబడింది. అక్క వంద మందిలో అవమానించినట్టు చూశాడు.

"అక్క అబద్ధాలు చెప్తాది. నాకన్నీ వస్తాయి. చూడండి మేడమ్," అని టేబుల్ ముందుకెళ్ళి చొక్కా గుండీలు అయిదూ టకటకా ఊడదీశాడు. ఎముకలు కనపడే ఛాతీతో నిలబడి, కింది నుంచి ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టాడు. సుమ ఒక్క అడుగు ముందుకేసి ఆగిపోయింది. తన చేతులు తనే వెనక్కి పెట్టుకుంది. ఎవరూ చెప్పలేదు.

పై గుండీ పెట్టి వాడు తలెత్తాడు. మేడమ్ చప్పట్లు కొట్టింది.

సుమని బయట కూర్చోబెట్టమని నరేశ్‌కి చెప్పి ఆవిడ మా వైపు తిరిగింది. "చట్టం ప్రకారం ఫాస్టర్ కంటే దత్తత ముఖ్యం. ఇద్దర్నీ మీరే దత్తత తీసుకుంటామంటే అది వేరే విషయం. అడుగుతున్నారా?"

సుధీర్ నా వంక చూశాడు. నేనాయన వంక చూశాను. ఇద్దరు. జీవితాంతం. ఈ మొండి పిల్లతో కలిపి.

"ప్రార్థన చేసుకుని చెప్తాం మేడమ్," అన్నాను.

మావాళ్ళకి అది ఊతపదం. పెళ్ళి సంబంధమొచ్చినా, ఇల్లు మారాలన్నా, మనసులో అవునని లేనప్పుడు కాదనడానికి మొహం చెల్లక అనే మాట. మేడమ్‌కి అది తెలుసో తెలియదో. "చేసుకోండమ్మా," అని బెల్లు కొట్టి బయటి జంటని పిలిపించింది.

ఆటోలో సుధీర్ నా వైపు తిరిగాడు. "నేను ఎస్ అనేవాణ్ణి. నువ్వు చెప్తావని చూశాను." ఇరవై నాలుగేళ్ళుగా ఆయన్ని లోపలికి పంపిస్తూ వచ్చింది నేనే.

మూడు రోజులు నిజంగానే ప్రార్థన చేశాం. ఉపవాసం కూడా ఉన్నాం. నాలుగో రోజు పొద్దున ఫోన్ చేసి ఇద్దర్నీ అడుగుతున్నామని చెప్పాను. "ఇప్పుడా మేడమ్? వాళ్ళు సంతకాలు పెట్టేశారు," అన్నాడు నరేశ్.

నెలాఖరున మైసూరు కారు వచ్చింది. చైతు తన బట్టలు తనే సర్దుకున్నాడు. ముందు సీటు కావాలన్నాడు, ఇచ్చారు. బెల్టు తనే పెట్టుకుని ఆవిడ చప్పట్లు కొడుతుందేమోనని చూశాడు. ఆవిడకి ఆ అలవాటు తెలియదు కదా. వాడి మొహం కాస్త చిన్నబోయింది. సుమ కిందికి రాలేదు. భాగీరథమ్మ దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని వంటింట్లో నేల మీదే కూర్చుంది. ఆ రోజు నాతో మాట్లాడలేదు. వంట మాత్రం చేసి వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం ఆరాధనలో సంఘ పెద్ద ఒకాయన లేచి, "సిస్టర్ ప్రేమకుమారిగారు సాక్ష్యం చెప్తారు" అన్నాడు. ఆయనకి పిల్లాడు బాగుపడి మంచి ఇంటికి వెళ్ళాడని మాత్రమే తెలుసు. లేచాను. తన చేత్తో ముద్ద తినని పిల్లాడు స్టేజీ ఎక్కి వాక్యం చెప్పిన సంగతి చెప్పాను. అందులో ఒక్క అబద్ధం లేదు. హల్లెలూయ అన్నారు, చప్పట్లు కొట్టారు. పాస్టర్ లలిత్‌గారు మాత్రం తల వంచుకుని కూర్చున్నారు. మూడో వరుసలో సుమ నా మాటలు చివరిదాకా శ్రద్ధగా విన్నది.

ఇంటికొచ్చి చీర మార్చుకుని మడత పెడుతుంటే గుమ్మంలో అలికిడైంది.

"ఆంటీ. ఒకటి అడగొచ్చా?"

నా ప్రాణం లేచొచ్చింది. చీర మంచం మీద పారేశాను. "అడుగమ్మా. ఏం కావాలన్నా అడుగు."

"తమ్ముడికి నేర్పించినారు గదా, నేను లేకుండా ఉండేది. నాకూ నేర్పిస్తారా, వాడు లేకుండా ఉండేది?"

వెక్కిరింపేమో అని దాని మొహం వెతికాను. లేదు. నిజంగానే అడుగుతోంది. ఈ ఇంట్లో అలాంటివి నేర్పుతారని, నేను బాగా నేర్పుతానని సంఘమంతా చప్పట్లు కొట్టడం విని వచ్చింది.

"వాడికి నెలన్నర పట్టింది," అంది. "నాకెన్ని రోజులు పడతాది ఆంటీ?"